ఆరని సిరా సెలెడోనియో

నది ఒడ్డున ఉన్న మా మొంపోస్ ఊళ్లో దొన్ సెలెడోనియో గారి సిరా ఆరినంత నిదానంగా ఇంకేదీ ఆరదు. వానాకాలంలో గోడ మీద వేసిన దుప్పటైనా ముందు ఆరుతుంది. నోటరీ ఆఫీసులో ఆయన రాతగుమాస్తా, పక్క బల్ల దగ్గర టైపు కొట్టేదాన్ని నేను. కాబట్టి ఇది చూసి చెబుతున్న మాటే.

ఆయన దగ్గర నల్లటి లావుపాటి ఫౌంటెన్ పెన్ను ఉండేది, బంగారు పాళీతో. అది కాగితాన్ని తాకగానే ఆయన భుజాలు జారిపోయేవి, కళ్లు సగం మూతపడేవి. "నొక్కకూడదమ్మాయ్! నడిచేది కలం. మనం ఊరికే తోడెళ్లాలంతే" అనేవారు. ఆ సుఖం తానొక్కడే అనుభవిస్తే పాపమనుకున్నారో ఏమో, ఎవరొచ్చినా ఆ కలంతోనే సంతకం పెట్టించేవారు. పొరపాటున ఎవరైనా బాల్‌పెన్ను తీశారా, "లోపల పెట్టు నాయనా, మేకుతో గోడ గీకినట్టుంటుంది" అని మందలించేవారు.

అక్కడితో పోతే బాగానే ఉండేది. సంతకం పెట్టాక అసలు కథ మొదలయ్యేది. ఊదకూడదు. అద్దుడు కాగితం అద్దకూడదు, రంగు పీల్చేస్తుందట. గాలికి దుమ్ము లేస్తుందని ఫ్యాను కూడా కట్టేసేవారు.

ఒకసారి ఎలియోదోరో అనే ఆయన తోట అమ్మకం కాగితాలకి వచ్చి, గుమ్మంలోంచి నది వైపు చూస్తూ ఒకటే గంతులు.

"లాంచీ కూత వేసింది సెలెడోనియో గారూ!"

"వెయ్యనీ. నోరుంది, కూస్తుంది."

"వెళ్లిపోతోందండీ!"

"మళ్లీ వస్తుందిలే. అలుక్కుపోయిన అక్షరం వస్తుందా?"

లాంచీ వెళ్లిపోయింది. ఎలియోదోరో ఆ కలాన్ని, దాన్ని చేసినవాణ్ని, వాళ్ల ముత్తాతల్ని తిట్టుకుంటూ మెట్ల మీద కూలబడ్డాడు.

ఇంట్లోనూ ఇదే వరస. బజారు చీటీ ఆయన రాసిస్తేనే భార్య దోన్యా ప్రాక్సెదిస్ బయల్దేరాలి. "ఈయన చీటీ ఆరేసరికి చేపలు మళ్లీ నదిలోకి పోతాయే తల్లీ!" అని నాతో మొత్తుకునేది.

అలాంటాయన ఆఫీసుకి ఒక మిట్టమధ్యాహ్నం ఉబాల్దీనా, ఎర్సీలియా వచ్చారు. అక్కచెల్లెళ్లు. అమ్మ ఇచ్చిపోయిన ఇంటి గుమ్మంలో గుడ్డు అరెపాలు వేసి అమ్మేవాళ్లు. మొక్కజొన్న పిండి కలిపి నూనెలో పొంగించడం అక్క వంతు. పొంగినదాన్ని చీల్చి, లోపల గుడ్డు కొట్టిపోసి, చుక్క కారకుండా మళ్లీ వేయించడం చెల్లెలి వంతు. రంగులు వేసేవాడు వాళ్ల అంగడి బోర్డు మీద అక్క పేరొక్కటే రాశాడు. దాంతో మాటలు ఆగిపోయి, చివరికి వంటింటి మధ్యలోంచి గోడ లేపుకుని ఇల్లు పంచుకునేదాకా వచ్చింది. గోడ లేస్తే ఒకరికి గుడ్డులేని అరెపా, ఒకరికి అరెపా లేని గుడ్డు. ఊరంతటికీ తెలుసు, వాళ్లిద్దరికీ తప్ప.

ఉబాల్దీనా కలం అందుకుని పంపకం కాగితం మీద విసురుగా సంతకం మొదలుపెట్టింది. రెండో అక్షరానికల్లా విసురు తగ్గింది. సగం పేరు చాలన్న మనిషి తల్లి ఇంటిపేరుతో సహా నిండుగా రాసి, కింద ఒక తీగ కూడా చుట్టింది.

ఎర్సీలియా చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి."

"ఆగమ్మా. నీ మణికట్టు తగిలితే పై సంతకం అలుక్కుపోతుంది. ఆరనీ."

ఫ్యాను ఆగిపోయింది. ఉక్క. ఉబాల్దీనా తాటాకు విసనకర్ర తీసి విసురుకోసాగింది. బల్లకి అటు కొసన చెల్లెలు చెమటతో తడిసి ముద్దవుతోంది. కాసేపటికి, ఆమెవైపు చూడకుండానే, అక్క విసనకర్రని కాస్త పక్కకి తిప్పింది.

"ఇంకొంచెం కిందికి" అంది ఎర్సీలియా గోడతో చెబుతున్నట్టు.

"పొయ్యి దగ్గర ఉండేదానివి, ఈమాత్రం ఓర్చుకోలేవూ?"

"పొయ్యి దగ్గరైతే నువ్వు మంట తగ్గిస్తావుగా."

ఉబాల్దీనా చెయ్యి ఆగింది. "ఆ బోర్డు వాడు నన్నడిగి రాశాడటే? నాకు చదవడానికి కళ్లజోడే లేకపాయె!"

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వు వినిపించుకున్నావా? మూకుడు విసిరావు!"

అలా ఇద్దరూ అరుచుకుంటూ లేచి, అరుచుకుంటూనే మెట్లు దిగి, బోర్డు వాణ్ని వెతుక్కుంటూ వెళ్లిపోయారు. రెండో సంతకం గుర్తు లేదు ఎవరికీ.

కాగితం తీయబోతూ సిరా మీద వేలు పెట్టాను. పొడిపొడిగా ఉంది.

"ఇదెప్పుడో ఆరిపోయిందండీ!"

"రెండు నిమిషాల్లో ఆరుతుంది. మంచి సిరా."

"మరి ఇంతసేపు..."

"నిజంగా విడిపోవాలనుకునేవాళ్లు ఎంత ఉక్కలోనైనా కూర్చుంటారమ్మాయ్. మిగతావాళ్లే లేచిపోతారు."

"పాపం ఎలియోదోరో లాంచీ?"

"పేకాటలో ఓడిన కసి మీద తండ్రి తోట అమ్మబోయాడు. కాగితాలు చేతికందక, కొనేవాడు ఆ లాంచీలోనే వెళ్లిపోయాడు, బేరం పోయింది. మొన్న ఎలియోదోరోయే ఆ తోట మామిడిపళ్లు పంపాడు, నువ్వూ తిన్నావుగా."

అన్నేళ్లూ ఆయన్ని చాదస్తుడని నవ్విన ఊళ్లో నేనూ ఒకదాన్ని. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

"అయితే ఇంట్లో ఆ చేపల చీటీ కూడా ప్రాక్సెదిస్ గారి మంచికేనా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అబ్బే, అది వేరు" అన్నారు మెల్లగా. "అది... రాశాక కాసేపు చూసుకోవాలనిపిస్తుంది. ఆవిడతో అనకు."