రాక్షసి బొగ్గు, అమ్మ వంతు నీళ్ళు

మొన్న మా గీజరు మూగబోయింది. విప్పిచూసిన మెకానిక్కు లోపలి కాయిలు చేత్తో పట్టుకొని, ఇది కాయిలా సున్నపురాయా అన్నట్టు నావంక చూశాడు. జగ్గయ్యపేట నీళ్ళు మరి. ఈ నీళ్ళతో ఏడాది స్నానం చేసినవాడి వీపు గీకి తాంబూలంలోకి సున్నం తీసుకోవచ్చని నేను చెబుతుంటాను, నమ్మేవాళ్ళు నమ్ముతారు. కొత్త కాయిలు నందిగామ నుంచి రావాలన్నాడు. అది వచ్చేదాకా గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచి, బకెట్లు మోసి మోసి నడుం పట్టేసి కూలబడి ఉండగా, మా పాత రాగి బాయిలరు గుర్తొచ్చింది.

మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. నడుమ గొట్టం, చుట్టూ నీళ్ళు, అడుగున బూడిద రాలే చిల్లుల పళ్ళెం. తెల్లవారగానే అమ్మ పత్తికట్టె విరిచి గొట్టంలో రాజేసి, మంట నిలిచాక పైనుంచి కర్రబొగ్గులు పోసేది. బకెట్టు వేడినీళ్ళు పట్టుకున్నవాళ్ళు బకెట్టు చన్నీళ్ళు పోసి తీరాలి, లేకపోతే బాయిలరు ఎండి అతుకులు ఊడతాయి. నాన్న, నాయనమ్మ, బాబాయి, పిల్లలం, వరసగా అందరం పోసుకొనేసరికి బొగ్గులు బూడిదయ్యేవి. మేం పోసిన చన్నీళ్ళే అమ్మ వంతుకు మిగిలేవి. తనొక్కదాని కోసం మళ్ళీ బొగ్గులు వెయ్యడానికి ఆమెకు చేతులొచ్చేవి కావు.

ఒక చలికాలం అమ్మకు మోకాళ్ళు వాచిపోతే, డాక్టరు రోజూ వేణ్ణీళ్ళు పోసుకొమ్మన్నాడు. అయినా అమ్మ వంతు చివరికే. చూడలేక మా బాబాయి, సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్ళే లారీల్లోంచి హైవే మీద రాలిన రాక్షసి బొగ్గు గోతాంలో ఏరుకొచ్చాడు.

“వదినా, ఇదొక్క పెడ్డ చాలు. మేమందరం పోసుకున్నా నీ వంతుకు నీళ్ళు సలసలా కాగుతుంటాయి.”

“ఈ ఇంట్లో రాక్షసుల్ని మేపడం నాకేం కొత్త కాదులేవయ్యా, వేసి చూడు,” అంది అమ్మ.

తరవాతి సంగతి పెంచి చెబుతున్నానంటారు. లేచిన నల్లటి పొగకి హైవే మీద లారీలు పట్టపగలే లైట్లు వేసుకున్నాయి. పరిటాలలో బట్టలారేసినవాళ్ళు మళ్ళీ ఉతుక్కున్నారు. నాన్న ఒంటినిండా సబ్బుతో, తువ్వాలు చుట్టుకొని వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు. ఆ గోలలో, తీసిన నీళ్ళకి బదులు చన్నీళ్ళు పొయ్యడం ఎవరికీ గుర్తులేదు. కర్రబొగ్గయితే ఆపాటికి ఆరిపోయేది. ఇది ఆరదు. మేం దగ్గడం మానేసి లోపలికి వచ్చేసరికి బాయిలరు ఎండిపోయి, అడుగు అతుకు కరిగి ఊడి కూర్చుంది.

అది అతుకులకు మాటు వేసేవాడి కొట్లో ఉన్నన్నాళ్ళూ పెరట్లో మూడురాళ్ళ పొయ్యి మీద ఎవరి నీళ్ళు వాళ్ళకు విడిగా కాచాల్సి వచ్చింది. అమ్మ వంతు కాచే పని నాయనమ్మ బాబాయికే అప్పగించింది. తలమీంచి ఆవిర్లు లేస్తుండగా, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని, మోకాలు పట్టుకోకుండా గడప దాటిన అమ్మని అప్పుడే చూశాను. తరవాత బాయిలరు బాగై వచ్చింది. మర్నాడు అమ్మ మళ్ళీ ఆఖరునే వెళ్ళింది.

నిన్న మా గీజరుకి కొత్త కాయిలు వేశారు. నా దగ్గరే ఉంటున్న అమ్మని ముందు నువ్వు పోసుకోమంటే, మీరంతా కానివ్వండి అంది. అందరిదీ అయ్యాక లేచి, తనొక్కదానికి కరెంటెందుకని స్విచ్చి తీసేసి మరీ లోపలికెళ్ళింది. నేను చప్పుడు కాకుండా మళ్ళీ వేసి, నడుం గోడకానించి అక్కడే కాపలా నిలబడ్డాను.

“ఒరేయ్, స్విచ్చి తీసే ఉందా?”

“తీసే ఉందమ్మా.”

“మరి నీళ్ళింత వేడిగా ఉన్నాయేంట్రా?”

“కొత్త కాయిలు కదా, ఆపినా పూట దాకా వేడి దిగదంట.”

తరవాత నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు తీరిగ్గా వినిపించింది. పత్తికట్టె పోయింది, బొగ్గు పోయింది, బాయిలరు ఏ పాతసామాన్లవాడి బండెక్కిందో తెలియదు. అమ్మ వంతు మాత్రం ఉన్నచోటే ఉంది. రేపటికి ఇంకో కోత అల్లుకోవాలి. ఇన్నేళ్ళు ఊరందరికీ అలవోకగా కోతలు కోసినవాణ్ణి, ఈ ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి అలసిపోతున్నాను.