ఇదీ ఆయనే

టోవా పాయో పేటలో మా పై అంతస్తులో ఒంటరిగా ఉండే అంకుల్ దగ్గర ఒకే అమెరికా గాయకుడి పాత రికార్డులు షెల్ఫ్ నిండా ఉండేవి. సొంతంగా పాటలు రాసుకునే ఆ గాయకుడు జాజ్ పాడాడు, పల్లెపాటలు పాడాడు, చర్చి పాటలూ పాడాడు. పాట తీరు మారినప్పుడల్లా అంకుల్ స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి, "ఇదీ ఆయనే" అనేవారు.

పోయినేడాది ఒకరోజు అంకుల్‌కి కుక్కర్ కూతలు వినపడక అన్నం మాడిపోయింది. ఊళ్లోనే ఇంకో పేట సెంగ్‌కాంగ్ నుంచి ఆయన కూతురు పరుగున వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"నాన్నా, ఇక నువ్వు ఒక్కడివే ఉండలేవు. మా ఇంటికి వచ్చెయ్," అంది ఆయన చెవి దగ్గర అరిచినట్టు.

"నా చెవులకేమైందే? మీ ఆయన గురక ఇక్కడిదాకా వినపడుతోంది," అని, రుజువు చూపిస్తానన్నట్టు ఆ గాయకుడి అట్టలోంచి ఒక రికార్డు తీసి, కళ్లజోడు లేకుండానే పెట్టారు.

దుమ్ము దులిపినప్పుడు కూతురే అట్టలు తారుమారు చేసినట్టుంది. స్పీకర్‌లోంచి తెలుగులో ఆడగొంతు మొదలైంది. అది చనిపోయిన ఆంటీ రోజూ పొద్దున్నే పెట్టుకునే భక్తిపాట.

అంకుల్ అరచెయ్యి ఆనించి, తాళానికి తల ఊపుతూ, గెలిచినట్టు మా వంక చూశారు.

"ఇదీ ఆయనే."

కూతురు లోపలి గదిలోకి వెళ్లి, బీరువా మీది సూట్‌కేసు దించింది.