పూతరేకుల డబ్బాలో ఇంగువ

ఆత్రేయపురం పూతరేకు నోట్లో పెట్టుకున్నవాళ్లు హాయిగా కళ్లు మూసుకుంటారు. నేను చుట్టిన పూతరేకు తిన్న పెద్దమనిషి కూడా మూసుకున్నాడు గానీ, చాలాసేపటిదాకా తెరవలేదు. ఓ పెళ్లికూతురి సారె, మా అత్తగారి పరువు, రెండూ ఒకే పొద్దున గోదాట్లో కలపబోయిన ఘనత నాది. నవ్వకుండా వినండి. సరే, నవ్వుతూనే వినండి, నేనూ ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నాను.

తొంభైల్లో మాట. అమలాపురంలో డిగ్రీ వెలగబెట్టి ఆత్రేయపురం కోడలినయ్యాను. మావారి ఉద్యోగం మస్కట్‌లో. ఇంట్లో ఉండేది నేనూ, అత్తగారూ, బోలెడన్ని బొద్దింకలూ, చీమలూ. అత్తగారు పూతరేకులు చేసి అమ్మేవారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేచి వచ్చేసేది. నేను లాగితే చెయ్యి కాలేది. అందుకని నాకు వంటింటి కాపలా అప్పజెప్పారు.

కాపలా అంటే మామూలుగా కాస్తానా? వారపత్రికల్లో వచ్చే వంటింటి చిట్కాలన్నీ నాకు కంఠతా. పురుగుల మందు కొట్టడం తప్పని అత్తగారికి రోజూ ఉపన్యాసం ఇచ్చేదాన్ని. బియ్యం డబ్బాలో వేపాకు వేశాను, పురుగు పోయింది. గట్టు మీద నిమ్మతొక్కలు రుద్దాను, చీమలు దారి మార్చుకున్నాయి. "మా కోడలి చెయ్యి పడితే పురుగు పరారేనండీ" అని అత్తగారు వీధంతా చాటారు. పొగడ్త నెత్తికెక్కాక దిగడానికి నిచ్చెన ఉండదు కదా!

ఆ మాఘమాసంలో మామిడికుదురు నుంచి ఒకాయన కూతురి సారెకి పూతరేకులు చెప్పారు. అత్తగారు ముందుగానే రేకులు తీసి డబ్బాలకెత్తారు. నెయ్యీ, పంచదార పొడీ వేసి చుట్టడం మాత్రం ఇచ్చే రోజు పొద్దున్నే.

"అమ్మాయ్, ఈ డబ్బాల్లో బొద్దింక గానీ దూరిందంటే ఆ పిల్ల అత్తారింట్లో మాట పడుద్ది. జాగర్త" అన్నారు అత్తగారు.

"ఆయ్, నాకొదిలెయ్యండత్తయ్యగారూ!"

వెల్లుల్లి చితక్కొట్టాను. ఇంగువ, కర్పూరం, లవంగాలు కలిపాను. గుడ్డముక్కల్లో మూటలు కట్టాను. వాటిని వంటింటి అరల్లో పెడితే సరిపోయేదానికి, మరింత గట్టి కాపలా అని ఒక్కో డబ్బాలో ఒక్కో మూట పెట్టి మూత బిగించాను. పూతరేకు సంగతి మీకు తెలుసుగా, ఉల్లిపొరకన్నా పల్చన. పక్కన ఏ వాసన ఉంటే ఆ వాసన పీల్చేస్తుంది. రేకులున్న గదివైపు చేపల పులుసు గిన్నె కూడా రానివ్వరు మావాళ్లు. ఆ ముక్క నాకూ తెలుసు. కానీ నా తెలివితేటల ముందు అది గుర్తుకి రాలేదు.

సారె పట్టుకెళ్లడానికి పెళ్లికూతురి తండ్రి పొద్దున్నే ఆటో కట్టించుకుని వచ్చేశారు. అత్తగారు పెరట్లో నెయ్యి కాస్తున్నారు. నేను గొప్పగా ఆయన ముందే డబ్బా మూత తీశాను. గుళ్లో హారతి ఇస్తుంటే పక్కనెవరో ఆవకాయ కలిపినట్టు గుప్పుమంది! బొద్దింకకి మందు వేస్తే ఉన్న పూతరేకు ఊడిందనుకుని, గబగబా యాలకుల పొడి గుప్పించి, గిన్నెలో ఉన్న నెయ్యంతా పోసి ఒకటి చుట్టాను.

"ఏదమ్మా, ఓటి రుచి చూస్తాను" అని ఆయన నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు.

"ఎలా ఉందండీ?"

ఎట్టకేలకు తెరిచారు. "బానే ఉందమ్మా. ఇందులో పోపు పెట్టేరేంటి?"

అప్పుడే అత్తగారు నేతిగిన్నెతో లోపలికొచ్చారు. ముక్కు ఎగబీల్చారు. మూట చూశారు, నన్ను చూశారు.

"సాయంత్రం పిల్లని పంపుతున్నామండీ," ఆయన ఆటో వైపు చూశారు. "పూతరేకుల్లేని సారెతో ఎలా పంపేదండీ?"

నాకు భూమిలోకి పోదామనిపించింది. అత్తగారు నేతిగిన్నె దింపి, "పొరపాటు నాదండీ. పురుగు రాకుండా ఆ మూటలు నేనే పెట్టించేను. మధ్యాహ్నానికల్లా సారె మీ చేతిలో పెడతాను, కూర్చోండి" అన్నారు. "అది కాదత్తయ్యగారూ" అనబోయాను. ఆవిడ నా కాలు గట్టిగా తొక్కారు.

ఆ వెంటనే గోడ మీంచి కేక వేశారు. "సత్యవతీ, మీ ఇంట్లో రేకులున్నాయేంటి?"

పక్కింటి సత్యవతి పిన్నిగారు డబ్బా ఎత్తుకుని వచ్చేశారు. వెనకే వీధిలో ఆడవాళ్లందరూ. రేకులున్నవాళ్లు రేకులు తెచ్చారు, లేనివాళ్లు కుండ కింద మంట పెట్టారు. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు, ముక్కులున్నాయిగా! నన్ను యాలకులు దంచమన్నారు. ఇంగువ డబ్బా మాత్రం ఎవరో అటకెక్కించేశారు.

ఇన్నేళ్లయినా ఆ పొద్దు తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. కొత్త కోడలిని నలుగురిలో నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టినా తప్పనేవాళ్లు లేరు. ఎన్నో ఏళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరుని ఆవిడ నాకోసం పణం పెట్టారు. ఆవిడ రుణం నేను తీర్చుకోలేను, తీరాలనీ లేదు.

మధ్యాహ్నానికి సారె ఆటో ఎక్కింది. పెళ్లికూతురి తండ్రి మెట్లు దిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు.

"అక్కగారూ, ఆ పాడైన రేకులు ఏం చేస్తారండీ?"

"పారెయ్యడవేనండీ."

"ఓ డబ్బా ఇప్పించండీ. పెళ్లి వంటలు మొదలైన కాణ్ణించీ మా వంటింట్లో బొద్దింకలు తిరనాళ్లు చేస్తన్నాయి. ఆ వాసనకి నేనే పారిపోదావనుకున్నాను, అవెంతండీ!"

అత్తగారు నవ్వి నవ్వి అక్కడే చతికిలబడిపోయారు. నేనే స్వయంగా డబ్బా తెచ్చి ఆటోలో పెట్టాను.

కాబట్టి చదువరులారా, చేతిలో కర్పూరం వెలిగించుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను. బొద్దింకలు పీట వేసుకుని కూర్చుని భోజనం అడిగినా సరే, నా మూటలు అరలోనే ఉంటాయి. మిఠాయి డబ్బా మూత మాత్రం మా అత్తగారే తీస్తారు!