పద్మ అడగాల్సిన ప్రశ్న

మా చిన్నప్పుడు... ఎల్బీనగర్‌లో మా కాలనీ పార్కులో ఆగస్టు పదిహేను సాయంత్రం పిల్లల నాటకం ఉండేది. నాలుగు బల్లలు కలిపితే స్టేజీ. ముందు వరసలో కమిటీ పెద్దలకు కుర్చీలు, వెనక మిగతా అందరికీ జంపఖానాలు...

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది ఆ నాటకం వేయించింది యాదగిరి సారు. మా వీధి చివర ట్యూషన్ చెప్పేవారు. నాకేమో ఏడుపు బాగా వచ్చు. రెండుసార్లు కళ్ళు గట్టిగా మూసి తెరిస్తే చాలు, కన్నీళ్ళు బొటబొటా కారేవి. మా అమ్మ దగ్గర ఎన్నో అలాగే సాధించుకున్నాను. అందుకే ముఖ్యమైన వేషం నాదేననుకున్నాను... నాకే వచ్చింది కూడా.

కానీ సారు పద్ధతి చూశాక ఒళ్ళు మండింది. తెర వద్దన్నారు. జనం మీద లైట్లు ఆర్పొద్దన్నారు. వేషాలు అందరి ముందే మార్చుకోవాలట. ప్రతి రంగానికి ముందు ఒక అట్ట ఎత్తి చూపాలి, జరగబోయేదంతా దాని మీద రాసి ఉంటుంది. "ఇప్పుడు ఈ పిల్లను బడి మాన్పిస్తారు" అని ముందే చెప్పేస్తే ఇంకెవరు చూస్తారని గొడవపడ్డాను. ఏం జరుగుతుందో తెలిసిపోతే ఎందుకు జరుగుతుందో చూస్తారని ఆయన వాదన.

అన్నిటికంటే నాకు నచ్చనిది గంట. జనానికి ఏడుపొచ్చేలా ఉందనిపిస్తే సారు గంట కొడతారు. మేము ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోవాలి. ఒకరు వేషం తీసేసి ముందుకొచ్చి, కూర్చున్నవాళ్ళను ఒక ప్రశ్న అడగాలి.

"ఏడుస్తె మనసు తేలికైతది బిడ్డా. తేలికైనంక ఇంటికి పోయి మంచిగ పంటరు. గట్ల పండుకోవద్దనే గీ గంట" అన్నారు సారు.

నాకు ఆ మాట చెవికెక్కలేదు. ఎందుకంటే ఆ నాటకంలోని పిల్ల ఎక్కడో లేదు... మా పక్కింట్లోనే ఉంది.

పద్మ వాళ్ళది పోచంపల్లి వైపు. వాళ్ళ నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. మంచి మనిషి, మమ్మల్ని పేరు పెట్టి పిలిచి చాక్లెట్లు ఇచ్చేవాడు. ఆ ఏడు పద్మకు తమ్ముడు పుట్టాడు. దసరా నుంచి వాళ్ళమ్మ కూడా దుకాణంలో కూర్చోవాలి. పిల్లవాణ్ణి చూసుకోవడానికి పద్మను బడి మాన్పిద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. సరూర్‌నగర్‌లో మా బడికి బస్సులో వెళ్తూ తనే చెప్పింది, ఏదో ఊరెళ్తున్నట్టు మామూలుగా. సారుకు ఆ సంగతి తెలిసే, పేర్లు మార్చి నాటకం రాశారు.

బడి మానే పిల్ల వేషం నాది. తండ్రి వేషం మాత్రం పద్మకే ఇచ్చారు. గంట కొట్టగానే కాగితం మీసం పీకేసి అడగాల్సింది కూడా తనే. పాపం నెల రోజులు బస్సులో, మేడ మీద, నోట్లో నోట్లో అదే వల్లించుకుంది.

నేను మాత్రం వేరే లెక్క వేసుకున్నాను. కడుపు తరుక్కుపోయేలా ఏడిస్తే వాళ్ళ నాన్న కరిగిపోడా? కరిగితే పద్మ నాతోపాటు బడికి రాదా? నిజం చెప్పాలంటే చప్పట్ల మీద ఆశ కూడా ఉంది...

ఆ సాయంత్రం పద్మ నా చేతిలోంచి పుస్తకాల సంచి లాక్కుంది. నేను కళ్ళు మూసి తెరిచాను. అంతే. ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. సారు గంట కొట్టారు. నేను ఆగలేదు. మళ్ళీ కొట్టారు. స్టేజీ మీద కూలబడి, సంచిని వాటేసుకుని ఇంకా ఏడ్చాను. నాటకంలో లేని మాటలు కూడా కలిపాను. పార్కంతా ఏడుపే... ఆ వెంటనే చప్పట్లు, ఈలలు. అందరూ లేచి నిలబడ్డారు.

పద్మ మీసం చేత్తో పట్టుకుని ముందుకొచ్చింది. నోరు తెరిచింది. చప్పట్లు ఆగలేదు. కాసేపు చూసి నోరు మూసుకుంది.

వాళ్ళ నాన్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా తల నిమిరాడు. "మీ పాప ఏడ్పిచ్చిందమ్మా నన్ను" అని మా అమ్మతో అన్నాడు. మా అమ్మ పొంగిపోయింది. నేనూ గెలిచాననే అనుకున్నాను. సారు తిట్టలేదు. అట్టలు సర్దుకుంటూ ఒక్క మాటన్నారు.

"బాగ ఏడ్చినవ్ బిడ్డా. ఇగ అందరు మంచిగ పంటరు."

దసరా సెలవులయ్యాక బడి తెరిచారు. బస్సులో నా పక్క సీటు ఖాళీ.

ఇన్నేళ్ళయినా ఆ గంట గుర్తొస్తే కూర్చున్నచోట కూర్చోలేను. ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ మారేది కాదేమో కూడా. కానీ ఆ ప్రశ్నయినా వాళ్ళ నాన్న చెవిన పడేది కదా...

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి వాళ్ళ దుకాణానికి వెళ్ళాను. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర పద్మే కూర్చుంటోంది. నన్ను చూడగానే నవ్వి, "ఆ దినం ఎంత మంచిగ ఏడ్చినవే" అంది. నీ డైలాగ్ గుర్తుందా అని అడిగాను. చీర మడతపెడుతూనే, ఒక్క అక్షరం తడబడకుండా చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొదటిసారి పూర్తిగా విన్నాను.

అప్పట్లో ఏడవాలంటే పార్కుదాకా నడిచి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఫోన్ మీద వేలు కదిపితే చాలు, ఏడ్చేసి తరువాతి వీడియోకు వెళ్ళిపోతున్నాం. అందుకే ఒక్కటే అడుగుతాను... దీని కింద కామెంట్లలో ఏడుపు బొమ్మలు పెట్టకండి. మీ పక్క సీటు ఎప్పుడు, ఎందుకు ఖాళీ అయిందో రాయండి. పద్మ ఆ రోజు అడగలేకపోయింది, తన బదులు నేను అడుగుతున్నాను.

"గీ పిల్ల బడి మానొద్దంటె ఇంట్ల ఎవరు ఏ పని పంచుకోవాలె? తెల్సినోల్లు లేచి చెప్పుండ్రి."