అడుగు గడి

సునామీకి కొట్టు మునిగిన నాటి నుంచి గణేశ్వరరావుకు విలువైనదేదైనా పై అరలోనే ఉండాలి. ఫీనిక్స్ బే రేవు దగ్గరి ఆ ఇనుప సామాన్ల కొట్టులో ఇప్పుడు మేకులు కిందా, ఆప్షన్స్ ట్రేడింగ్ కంప్యూటర్ అటక మీదా ఉంటాయి. కొట్టు సొమ్మంతా షేర్ మార్కెట్లో పోసి, ఆయన రోజంతా తెర మీద అంకెల గడులు సర్దుతుంటాడు. లాభం గడి నెత్తిన పళ్లెమంత, నష్టం గడి అడుగున చీమతలంత. మార్కెట్ కుప్పకూలిన రోజు కూడా లాభం గడికి నెమలికంఠం రంగు అద్దుతున్నాడు. మేకుల కోసం వచ్చినవాడు "భయ్యా, జల్దీ కరో!" అని అరిచి అరిచి వెళ్లిపోయాడు. క్యారియర్‌తో నిచ్చెనెక్కిన భార్య రాజకుమారి తెర వంక చూసింది.

"అడుగున ఎర్రగా అదేటండీ, అంకె పెరిగిపోతంది?"

"కిందదిలే, పట్టించుకోకు," అన్నాడు, రంగు దిద్దుకుంటూనే.

"సునామీనాడు నీళ్లు మాత్రం పైనుంచొచ్చాయేటండీ?"