హవా రోష్నీ గారి అభ్యంతరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాదు. రాదని ఒప్పుకోవడం మా నాన్నగారికి అసలే రాదు. కర్నూలు నుంచి ఆఫీసులన్నీ హైదరాబాదుకు తరలినప్పుడు వాటి వెంట మేమూ వచ్చాం. మాది తెనాలి పక్క పల్లె. ఆబిడ్స్ వెనక ఒక సందులో చిన్న వాటా అద్దెకు తీసుకున్నాం. ఇక్కడ అద్దెను కిరాయి అంటారనీ, ఆసుపత్రిని దవాఖానా అంటారనీ నాన్నగారు రోజుకో మాట నేర్చుకొచ్చి, సాయంత్రం కాఫీ తాగుతూ మాకు పాఠం చెప్పేవారు. ఆయనకు వచ్చింది గోరంత, ధీమా కొండంత.

ఆ వాటాలో వీధి తలుపు తీస్తే వంటిల్లే. వచ్చినవాళ్ళు అమ్మ పొయ్యి ముందే చెప్పులు విప్పాలి. మా అమ్మకు అంతకంటే పెద్ద కష్టం ఈ లోకంలో లేదు. అందుకే నాంపల్లి స్టేషను వెనక నాన్నగారు చిన్న స్థలం కొన్న రోజు నుంచే ఆవిడ మనసులో ఇల్లు కట్టడం మొదలుపెట్టింది. ముందు గదులు, వెనక పెరడు, పెరట్లోకి తెరుచుకునే వంటిల్లు. పరాయి కన్ను పడని చోట నిలబడి వండుకోవాలి, అంతే ఆవిడ కోరిక.

అంతలో ఆ వాటా యజమాని అబ్బాయికి పెళ్ళి కుదిరింది. వానాకాలంలోపు వాటా ఖాళీ చేయమన్నారు. ఆలోగా ఇల్లు లేవకపోతే అమ్మా నేనూ తెనాలి వెళ్ళిపోవాలి, నా చదువు మధ్యలో ఆగాలి. ఇల్లు లేవాలంటే ముందు మునిసిపాలిటీ అనుమతి రావాలి. నాన్నగారు ప్లాను గీయించి పట్టుకెళ్ళారు. స్థలం సన్నం కాబట్టి మా గోడ సరిగ్గా పక్కవాళ్ళ హద్దు మీదే లేస్తుంది. గుమాస్తా దాన్ని చూసి, “పక్కింటి హవా రోష్నీకి ఉజ్రు లేదని రాయించుకోని రాండ్రి సార్, గప్పుడు చూద్దాం” అన్నాడట.

ఉజ్రు అంటే అభ్యంతరమని నాన్నగారు అప్పటికే నేర్చుకున్నారు. మిగిలింది పక్కింటావిడ పేరే కదా అనుకున్నారు. మళ్ళీ అడిగితే పరువు తక్కువ. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని నాంపల్లి వెళ్ళి, మా స్థలం పక్కనున్న పెంకుటింటి తలుపు తట్టారు. నుదుట కుంకుమతో, చేతిలో పిల్లల పలకతో ఒకావిడ తలుపు తీసింది. ఆవిడ బడిలో టీచరమ్మ అని తర్వాత తెలిసింది. ఈవిడెవరో అద్దెకున్నావిడ అనుకున్నారో ఏమో, నాన్నగారు చేతులు జోడించి, “హవా రోష్నీ గారు ఉన్నారాండీ?” అని అడిగారు.

టీచరమ్మ పలకను చంకలో పెట్టుకుంది. “ఎవరు పంపిన్రు మిమ్మల్ని?” అంది. పక్క స్థలం మాదేననీ, ఆవిడకు అభ్యంతరం లేదని రాయించుకు రమ్మని మునిసిపాలిటీవాళ్ళు చెప్పారనీ నాన్నగారు వివరించారు. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొంచెం దగ్గింది.

“గామె గిప్పుడు ఇంట్ల లేదు సార్. పొద్దుగాల వస్తది. రేపు ఐతారమే గద, జల్ది వచ్చి కూసోండ్రి, కలుస్తది” అంది.

“ఉద్యోగమాండీ?”

“ఔ సార్. వానకాలం జర నాగాలు పెడ్తది గని, లేకుంటె రోజూ వస్తది.”

ఉద్యోగం చేసే ముసల్మాను ఆవిడ అనేసరికి మా ఇంట్లో హడావిడి మొదలైంది. అమ్మ సున్నుండలు చుట్టి డబ్బాకెత్తింది. నాన్నగారు అద్దం ముందు నిలబడి ఆదాబ్ చేయడం అభ్యాసం చేశారు. చెయ్యి ఎంత ఎత్తాలో తేలక, ఒకసారి ముక్కు దాకా, ఒకసారి నుదుటి దాకా ఎత్తి చూసుకున్నారు. మర్నాడు ఆదివారం పొద్దున్నే కోటు వేసుకుని, నన్ను తీసుకుని బయలుదేరారు.

టీచరమ్మ మమ్మల్ని ముందువైపు దాలానులో కూర్చోబెట్టింది. అది వసారాకు ఎక్కువ, గదికి తక్కువ. దానికి మా స్థలం వైపున్న ఒక్క కిటికీ తప్ప మరో దిక్కు లేదు. ఎదురుగా ఉన్న మనిషి కూడా మసకగా కనిపిస్తున్నాడు. మూలన పీట మీద ఆవిడ అత్తగారు ఒళ్ళో బియ్యపు చాట పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. ఏం చేస్తున్నట్టూ లేదు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది. నాన్నగారు డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నారు.

కొంతసేపటికి మా ఖాళీ స్థలం మీదుగా ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చింది. ముందు ఎదుటి గోడ మీద, తర్వాత నేల మీద పడింది. కిటికీలోంచి చల్లటి గాలి కూడా తగిలింది. ముసలావిడ పీటను జరుపుకుంటూ జరుపుకుంటూ వచ్చి ఆ ఎండలో కూర్చుంది. చాటను ముఖం దగ్గరికి తెచ్చుకుని, ఒక్కొక్క రాయీ ఏరి పక్కన పడేయడం మొదలుపెట్టింది. ఆ వెలుతురులో తప్ప ఆవిడ కళ్ళకు బియ్యం ఏదో రాయి ఏదో ఆనదట.

“వచ్చింది సార్ మీరడిగినామె” అంది టీచరమ్మ నెమ్మదిగా. “హవా అంటె గాలి. రోష్నీ అంటె ఎలుతురు. పక్కింటి గాలికి, ఎలుతురుకు ఉజ్రు లేదని రాయించుకోని రమ్మన్నరు మిమ్మల్ని.”

నాన్నగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. డబ్బా పట్టుకుని లేచారు కూడా. అప్పుడు ముసలావిడ తలెత్తి, ఎవరొచ్చారని కోడలిని అడిగింది. పక్క జాగాలో ఇల్లు కట్టుకునే సారు అని టీచరమ్మ చెప్పింది.

“కట్టుకోని బిడ్డా” అంది ముసలావిడ నాన్నగారు నిలబడ్డ వైపు తిరిగి. “కిరాయి ఇండ్లల్ల ఎన్నొద్దులుంటరు? పిల్లలు గలోల్లు. సల్లగుండుండ్రి.”

నాన్నగారు కూర్చుండిపోయారు. టీచరమ్మ లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చిచ్చింది. ముందురోజు రాత్రే రాసి పెట్టిందట. “నాకైతె ఏ ఉజ్రు లేదు సార్, దస్తకతు గూడ చేసిన. తీస్కపోండ్రి. గామెను మాత్రం మీరే అడుగుండ్రి” అంది. ఆ మాటలో వెటకారం లేదు, నిష్ఠూరం అంతకన్నా లేదు. అనుమతికి కావలసింది చేతికి వచ్చేసింది. ఇక తెచ్చుకోవడమే తరువాయి. నాన్నగారు ఆ కాగితం జేబులో పెట్టుకుని, సున్నుండల డబ్బా ముసలావిడ పక్కన పెట్టారు. వెళ్ళబోతూ ఎండలో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకున్నారు.

నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిచే వచ్చాం. ఇంటికి రాగానే అమ్మ, “ఏమండీ, ఆవిడ ఏమన్నారు?” అని ఎదురొచ్చింది.

“ఆవిడకు అభ్యంతరం ఉందట” అన్నారు నాన్నగారు.

జరిగింది విన్నాక అమ్మకు ఏడుపొచ్చింది. కాగితం జేబులో పెట్టుకుని ఈ పట్టింపు ఏమిటన్నది. గోడ వెనక్కి జరిపితే పెరడు పక్కకు వస్తుంది, గదులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, వంటిల్లు మళ్ళీ అందరూ నడిచే దారిలోనే పడుతుంది. ఆవిడ బాధలో న్యాయం ఉంది, నేను ఇప్పటికీ అదే అంటాను. నాన్నగారు వాదించలేదు. మీరు ఒకసారి వెళ్ళి ఆ దాలానులో కూర్చుని రండి, తర్వాత మీరెలా అంటే అలాగే, అన్నారు. ఆయన అమ్మను మీరు అనడం నేను వినడం అదే మొదలు, అదే చివర. అమ్మ మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. తిరిగొచ్చి పొయ్యి వెలిగిస్తూ, “కొత్త ప్లాను గీయించండి” అంది. ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో పొయ్యి ఊదే తీరులో తెలిసింది.

కొత్త ప్లానుకు అనుమతి వచ్చేసరికి వానలు పడనే పడ్డాయి. ఆ కాలమంతా అమ్మా నేనూ తెనాలిలో, నాన్నగారు కాచిగూడ లాడ్జిలో. చివరికి లేచిన ఇంటిని చూసి చుట్టాలు రైలు పెట్టె అని పేరు పెట్టారు. స్టేషను పక్కన ఉన్నందుకు దానికీ రైలు బుద్ధులే వచ్చాయన్నారు. అమ్మ వంటింట్లోంచి జీవితాంతం అందరూ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు.

గృహప్రవేశానికి పిలవడానికి అమ్మ నన్ను తీసుకుని పక్కింటికి పొద్దున్నే వెళ్ళింది. టీచరమ్మకు బొట్టు పెట్టింది, వాళ్ళ అత్తగారికి పెట్టింది. తర్వాత కుంకుమ భరిణె మూయకుండా అలాగే నిలబడింది. ఎండ పడుతున్న చోట వంగి, నేల మీద ఒక బొట్టు పెట్టి, “మీరూ తప్పకుండా రావాలి” అంది. టీచరమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకున్నది నవ్వు ఆపుకోవడానికి కాదు.

అనుమతి అంటే ఒప్పుకున్నవాళ్ళ దగ్గర తీసుకునేదేనని అనుకుంటాం. అడగడానికి నోరు లేనివాళ్ళు, ఏం పోతుందో తెలియక దీవించేవాళ్ళు ఉంటారని నాకు ఆ దాలానులోనే తెలిసింది. మొన్న మా అబ్బాయి మా బాల్కనీ ముందుకు పెద్ద రేకు దించాలని, అపార్టుమెంటులో అందరిచేతా సరేననిపించుకుని వచ్చాడు. హవా రోష్నీ గారిని అడిగావా అన్నాను. వాడు నవ్వి తల గోక్కున్నాడు. మా మనవరాలు మాత్రం ఫోను తీసి, “ఆవిడది ఏ ఫ్లాటు నానమ్మా?” అంది.

“ఇప్పుడు ఉండరమ్మా, పొద్దున్నే వస్తారు” అన్నాను. “రేపు కింది వాళ్ళింట్లో కాసేపు కూర్చుందాం, రా, చూపిస్తాను.”