ఎర్ర గడి

మద్దిలపాలెం ఆఫీసులో ఆశాజ్యోతి పోర్టు క్రేన్ల సాఫ్ట్‌వేర్‌కు మాన్యువల్ రాస్తుంది. రాసిందే మళ్ళీ రాయడం ఆమెకు గిట్టదు. పదేపదే వచ్చే ప్రతిదానికీ ఒక మాక్రో, అంటే కంప్యూటరుకిచ్చే చిన్న ఆదేశం రాసి, పొట్టి పేరు పెట్టుకుంటుంది. హెచ్చరికల మాక్రో పేరు కొడితే చాలు, హెచ్చరిక మొత్తం ఎర్రటి గడిలో అచ్చవుతుంది. జడ ముందుకేసుకుని, ప్రతి వాక్యాన్నీ పెదవులు కదుపుతూ చదువుకుంటుంది. ఒకరోజు క్రేన్ నడిపే ఆమె భర్త గోపి ఆ మాన్యువల్ తిరగేశాడు. "ఏటిది, పేజీ నిండా ఎరుపే. ఏది సూడాలో తెలీక నాను ఏదీ సూడట్లేదు" అన్నాడు. మర్నాడు ఆమె కొత్త మాక్రో ఒకటి రాసి, మనిషి ప్రాణం పోయే చోట్ల మాత్రమే ఎరుపు ఉంచింది. మిగతా హెచ్చరికలన్నీ మామూలు అక్షరాల్లోకి మార్చింది.

"ఈ కొత్త మాక్రోకి 'గోపి' అని పేరు పెట్టావేంటమ్మా?" అన్నాడు మేనేజరు.

"పేరు అచ్చులో కనబడదు సార్" అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండా.